టెంటు ఒక్క రాత్రే వేసినం: నిర్మల్ నుంచి జోడేఘాట్ దాకా ఐదు రోజులు



సంక్రాంతి సెలవుల్లో మేం నలుగురం హాస్టల్ పిల్లలం రెండు బండ్ల మీద మన జిల్లాలు తిరిగి వచ్చినం. స్టేటస్‌లో ఫోటోలు పెట్టినప్పటి నుంచి "ఎట్ల పోయిండ్రు, ఎక్కడ పండుకున్నరు, ఎంత ఖర్చయింది" అని మెసేజ్‌లు వస్తనే ఉన్నయి. ఒక్కొక్కరికి చెప్పే బదులు ఇక్కడే రాస్తే అందరికీ పనికొస్తదని రాస్తున్నం. టైపు చేసేది ఒక్కరే అయినా నలుగురం చదివి సరిచూసినం. పోస్టు జర పొడుగైంది. చివరి దాకా చదవండి, చివర్లో ఈ గ్రూపుతో మాకు ఒక పని కూడా ఉంది.

మాలో ముగ్గురం గోండులం, ఒకడు కొలాం. నలుగురం మూడో తరగతి నుంచే ఆశ్రమ పాఠశాలలో పెరిగినోళ్లం. సెలవులిస్తే సొంత ఊరు, సెలవులైపోతే హాస్టల్. మధ్యలో ఎవరిదన్న పెళ్లయితే ఆ ఊరు. మన దిక్కు పిల్లలకు చాలామందికి ఇంతే కదా. హైదరాబాద్‌లో క్లాసు దోస్తులు "మీ ఆదిలాబాద్‌లో చూడనీకి ఏముంటది" అంటే కుంటాల, నాగోబా, జోడేఘాట్ అని గడగడ చెప్తం. కానీ నలుగురిలో జోడేఘాట్ చూసింది ఇద్దరే. గుంజాల ఎవ్వరూ చూడలేదు. పోదాం అనుకున్నది అట్ల.

ఇంకో కారణం కూడా ఉండె. మాతోపాటు పదో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్న ఐదోవాడు ఒకడున్నడు. డిగ్రీ రెండో సంవత్సరం తర్వాత చదువు ఆపేసి ఊరికి పోయిండు. ఫోన్ చేస్తే కలవదు, వాళ్ల ఊళ్లో గుట్ట ఎక్కితేనే సిగ్నల్ వస్తది. వాని ఊరు కెరమెరి దిక్కు. దారి మొత్తం వాని ఇంట్లో ముగిసేటట్టు గీసుకున్నం. వానికి మాత్రం చెప్పలేదు.

మొదటి రోజు: నిర్మల్, కుంటాల

హైదరాబాద్ నుంచి పొద్దుగాల బస్సెక్కితే మధ్యాహ్నానికి నిర్మల్‌లో దిగినం. మాలో ఒకని అన్న అక్కడ పని చేస్తడు. ఆయన బండి ఒకటి, ఆయన దోస్తు బండి ఒకటి తీసుకున్నం. హాస్టల్ సీనియర్ ఒకరి దగ్గర టెంటు కిరాయికి తెచ్చుకున్నం. ఒక తాటిపత్రి, నాలుగు రగ్గులు, గిన్నె, బియ్యం, పప్పు కట్టుకున్నం. చుట్టాల ఇండ్లకు చక్కెర, చాయ్‌పత్తి, పిల్లలకు బిస్కెట్ పుడలు.

ముందు రాంజీ గోండు స్తూపం దగ్గరికి పోయినం. 1857 తిరుగుబాటు మిగతా చోట్ల అణిగిపోతున్నప్పుడు కూడా ఈ దిక్కు గోండులు, రోహిల్లాలు కలిసి అటు ఇంగ్లీషోళ్ల మీద, ఇటు నిజాం సైన్యం మీద కొట్లాడిండ్రు. 1860లో రాంజీ గోండు దొరికిండు. ఆయన్ని, ఆయనతోపాటు వెయ్యి మందిని ఒకే మర్రికి ఉరి తీసిండ్రని పెద్దలు చెప్తరు. వెయ్యి ఉరుల మర్రి అని పేరు అందుకే వచ్చింది. చెట్టు ఇప్పుడు లేదు, గాలివానకు పడిపోయింది. దారి అడిగితే ఒకాయన కొయ్యబొమ్మల దుకాణం చూపించిండు. "చుట్టాలకు ఏమన్న తీస్కపోతరేమో అనుకున్న" అన్నడు. పొనికి కర్రతో చేసిన నిర్మల్ బొమ్మలకు దేశమంతా పేరుంది. వెయ్యి ఉరుల మర్రి అడిగేటోళ్లు మాత్రం తక్కువేనట. బడి పుస్తకాల్లో 1857 అంటే మీరట్, ఝాన్సీ అని రాసి మార్కులు తెచ్చుకున్నం. మన ఇంటి ముందరి 1857 కోసం నిర్మల్‌లో దారి అడుక్కోవాల్సి వచ్చింది.

అక్కడి నుంచి పెద్ద రోడ్డు మీద ఘాట్ ఎక్కి నేరడిగొండ, కుడి దిక్కు తిరిగితే కుంటాల. కడెం వాగు మీద దాదాపు 45 మీటర్ల ఎత్తు నుంచి దుంకుతది. వానాకాలం అంత నీళ్లు జనవరిలో ఉండవు కానీ సప్పుడు మెట్ల కాన్నుంచే వినిపిస్తది. పైనుంచి చూసి రాండి, గుండంలోకి దిగకండి. లోతు తెలియక, ఈత వచ్చినోళ్లు కూడా అక్కడ పోయిండ్రు.

ఆ రాత్రి దగ్గర్లో ఒక గూడెంలో మాలోని ఒకని పెద్దమ్మ ఇంట్లో ఉన్నం. వాకిట్లోకి అడుగుపెట్టంగనే కాళ్లకు నీళ్లిచ్చింది. ఆమె గోండిలో అడుగుతది, మావోడు తెలుగులో జవాబు చెప్తడు. మూడో తరగతి నుంచి హాస్టల్‌లో ఉన్నడు, అర్థమైతది కానీ నోరు తిరగదు. పెద్దమ్మ ఏమనలేదు, గోండి మాత్రం ఆపలేదు. ఆఖరికి ఆమెతో ఇంటి సంగతి, పంట సంగతి, కోడలి సంగతి అన్నీ మాట్లాడింది ఎవరో తెలుసా? మా కొలాం దోస్తు. వానికి కొలామి, గోండి, తెలుగు, మరాఠీ, హిందీ ఐదూ వస్తయి. ఇంగ్లీషులో సప్లీ ఉందని కాలేజీలో వాన్ని "వీక్ స్టూడెంట్" లిస్టులో రాసిండ్రు.

ఆ రాత్రి నెగడు చుట్టూ కూర్చొని మాటలు కలుపుకున్నం. నీళ్లను గోండిలో యేర్ అంటం, కొలామిలో ఈర్ అంటరు, తెలుగులో నీరు. పారే వాగును తెలుగులో ఏరు అంటరు. ఒకే తల్లి పిల్లలు వేరే వేరే ఊర్లకు ఇచ్చినట్టు ఉన్నయి ఈ మాటలు. పెద్దమ్మ వింటూ నవ్వింది. "గివన్నీ మీ కాలేజీల చెప్పరా?" అన్నది, ఈసారి తెలుగులో.

రెండో రోజు: కేస్లాపూర్, ఇంద్రవెల్లి

ఇచ్చోడ దాటి, గుడిహత్నూర్ దగ్గర కుడికి తిరిగినం. ముత్నూర్ నుంచి లోపలికి పోతే కేస్లాపూర్. నాగోబా జాతర ఇంకా మొదలు కాలేదు. పుష్య అమావాస్య రాత్రి మహాపూజతో మొదలైతది. కానీ అసలు పని దానికి చాలా ముందే మొదలైతది. మెస్రం వంశం వాళ్లు తెల్ల బట్టలు కట్టుకుని, కాళ్లకు చెప్పుల్లేకుండ, జన్నారం దిక్కు కలమడుగు దగ్గర గోదావరిలో హస్తినమడుగు దాకా నడిచి పోయి గంగాజలం తెస్తరు. రానూపోనూ వంద కిలోమీటర్లు దాటుతది. తోవల ఊరూరా ఆగుతరు. నీళ్లు తెచ్చినంక ఇంద్రవెల్లిలో ఇంద్రాదేవికి మొక్కి, కేస్లాపూర్ మర్రిచెట్ల కింద దిగి, అప్పుడు గుడికి పోతరు. కొత్తగా పెళ్లయి వచ్చిన మెస్రం కోడళ్లను దేవునికి చూపించే భేటింగ్ అప్పుడే. అంతదాకా ఆ కోడలు నాగోబా పూజలో కలువదు.

మేం పోయేసరికి పాదయాత్ర తోవల ఉంది. గుడి మాత్రం నిమ్మళంగ చూసినం. పాత గుడి జాగల మెస్రం వాళ్లే ఇంటింటికీ చందా వేసుకుని రాతి గుడి కట్టుకున్నరు. 2022 డిసెంబర్‌లో అది మొదలైంది. పత్తి అమ్మిన పైసల్లోంచి, నౌకరీ చేసేటోళ్ల జీతాల్లోంచి పక్కకు తీసిన చందా అది. ఇంత పెద్ద పని మన వాళ్లు లెక్క తప్పకుండ చేసిండ్రని తెలిసి మాకు గర్వమనిపించింది.

ఇక్కడ ఒక నవ్వులాట జరిగింది. మన దాంట్లో కొత్త మనిషి కనిపిస్తే ముందు అడిగేది ఇంటిపేరు, తర్వాత ఎన్ని దేవుళ్లు అని. నాలుగు, ఐదు, ఆరు, ఏడు. నాల్వేన్, సీవేన్, సార్వేన్, యేర్వేన్ సగా. మెస్రం వాళ్లు ఏడు దేవుళ్లు. మాలో ఒకడు కూడా ఏడు దేవుళ్లవాడే. ఒకే సగా అంటే అన్నదమ్ముల లెక్క, పిల్లనిచ్చుడు తెచ్చుడు ఉండదు. ఊళ్లోకి వచ్చినప్పటి నుంచి తల దువ్వుకుంటున్నోడు "అయితే ఇక్కడున్న పిల్లలందరూ నాకు చెల్లెళ్లేనా" అని దువ్వెన జేబుల పెట్టుకున్నడు. రెండు నిమిషాల్లో మేం ఒకరికి తమ్ములం, ఒకరికి బావలం, ఒక ముసలాయనకు మనుమలం అయినం. లాడ్జి రూము కోసం ఆధార్ కార్డు చూపియ్యాలె, ఇక్కడ ఇంటిపేరు చెప్తే సరిపోయింది.

ఆ ముసలాయన చేను దగ్గర టెంటు వేసినం. ఐదు రోజుల్లో టెంటు వేసింది ఆ ఒక్క రాత్రే. "ఇల్లు ఉండంగ గుడ్డ కింద ఎందుకు" అని ఆయనకు ఒకటే బాధ. జనవరిలో మన దిక్కు చలి మీకు చెప్పేదేముంది. తెల్లారి మూడింటికి టెంటు గుడ్డ మీద మంచు కారి లోపలికి చుక్కలు పడ్డయి. నలుగురం లేచి ఆయన మంచె కిందికి పోయి నెగడు రాజేసుకుని కూర్చున్నం. జొన్నచేను కాపలాకు ఆయన రాత్రంతా అక్కడ్నే ఉంటడు, అడవి పందుల భయం. ఆయన మా దిక్కు చూసి "గుడ్డ ఇల్లు మంచిగుందా?" అన్నడు. తర్వాత నాలుగు రోజులు మాకు అదే ఊతపదమైంది.

పొద్దుగాల ఇంద్రవెల్లి స్తూపం. దీని గురించి గ్రూపులో చిన్నోళ్ల కోసం రెండు మాటలు. 1981 ఏప్రిల్ 20, సోమవారం, ఇంద్రవెల్లి సంత రోజు. భూముల కోసం, గిట్టుబాటు ధర కోసం, షావుకార్ల దోపిడీ మీద గిరిజన రైతు కూలీ సంఘం మీటింగ్ పెట్టింది. అనుమతి రద్దు చేసిండ్రన్న సంగతి చాలామందికి తెల్వదు. సంతకు వచ్చినోళ్లు, మీటింగ్‌కు వచ్చినోళ్లు కలిసిపోయిండ్రు. పోలీసులు కాల్పులు జరిపిండ్రు. ప్రభుత్వ లెక్కలో చనిపోయింది 13 మంది. మన పెద్దల లెక్క దానికి ఎన్నో రెట్లు. తర్వాత కట్టిన స్తూపాన్ని 1986లో కూల్చేసిండ్రు, 1987లో మళ్లీ కట్టిండ్రు. ఏండ్ల తరబడి ఏప్రిల్ 20 వస్తే అక్కడికి పోకుండ 144 సెక్షన్ పెట్టేటోళ్లు.

మాలో ఒకని తాత ఆ రోజు సంతకు ఉప్పు, కిరసనాయిలు కోసం పోయిండట. తిరిగి వచ్చిండు గానీ, బతికున్నన్ని రోజులు సోమవారం ఇంద్రవెల్లి సంతకు పోలేదు. సామాను కావాలంటే ఉట్నూర్ దాకా నడిచేటోడట. ఇంట్లో అందరూ అది ముసలోని మొండితనం అనుకున్నరు. ఎందుకో మావోనికి వాళ్ల నాయన చెప్పింది పోయిన ఏడాదే. స్తూపం దగ్గర వాడు చానాసేపు కూర్చున్నడు. మేం బండ్ల దగ్గర నిలబడ్డం, ఎవరం ఫోటో తియ్యలేదు. అందుకే స్టేటస్‌లో ఇంద్రవెల్లి ఫోటో లేదు. అడిగినోళ్లకు జవాబు అది.

మూడో రోజు: ఉట్నూర్, గుంజాల

ఉట్నూర్‌లో గోండు రాజుల కోట ఉంది. ఐటీడీఏ ఆఫీసుకు పని మీద వందసార్లు పోయినోళ్లు కూడా అది చూసి ఉండరు. గోడలు అక్కడక్కడ నిలబడ్డయి, చెట్లు మొలిచినయి. పది నిమిషాల్లో చూసుడు అయిపోతది.

గుంజాలలో మాత్రం మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ఉన్నం. నార్నూర్ మండలంలో చిన్న ఊరు. గోండికి లిపి లేదని మనకు చిన్నప్పటి నుంచి చెప్పిండ్రు కదా. ఈ ఊళ్లో పెద్దల ఇండ్లల్లో చేతిరాత పుస్తకాలు ఉండె, గోండి భాషలో, వేరే లిపిలో. బయటోళ్లకు తెలిసింది 2006 తర్వాతనే. చదవొచ్చిన పెద్దమనుషులు అప్పటికి నలుగురైదుగురే మిగిలిండ్రు. ప్రొఫెసర్ జయధీర్ తిరుమలరావు లాంటి వాళ్లు దాని మీద పనిచేసిండ్రు. 2018లో యూనికోడ్‌లో 'గుంజాల గోండి' అనే పేరుతోనే చోటు దొరికింది. అంటే ప్రపంచంలో ఏ ఫోన్‌లోనైనా, ఫాంట్ ఉంటే, మన అక్షరాలు కనిపిస్తయి. ఒక గూడెం పేరు మీద ఒక లిపి.

ఊళ్లో ఒక పెద్దాయన మాకు అక్షరాలు రాసి చూపించిండు. నలుగురం నోటుబుక్కుల మా పేర్లు రాసుకున్నం. మొదటి రోజు పెద్దమ్మకు తెలుగులో జవాబిచ్చిన మావోడు, వాని పేరు రాసిన కాగితం మడిచి పర్సులో పెట్టుకున్నడు. పెద్దాయన "లిపి నేర్చుకుంటే సాలదు. ఇంట్ల మాట్లాడితేనే రాయనీకి ఏమన్న ఉంటది" అన్నడు. వాడు తల ఊపిండు. ఆ రాత్రి వాళ్ల పెద్దమ్మకు ఫోన్ చేసి గోండిలో మాట్లాడిండు. మూడు నిమిషాలు. మధ్యలో రెండు తెలుగు మాటలు పడ్డయి, మేం లెక్కపెట్టినం.

మా కొలాం దోస్తు అక్కడ ఒక మాటన్నడు: "మీకు లిపి దొరికింది. మాది మాట్లాడుడే తగ్గుతున్నది, దాన్ని ఎవరు రాస్తరు?" కొలాంలు, తోటీలు మన జిల్లాలో అందరికన్నా వెనుకకు పడ్డోళ్లని సర్కారు లెక్కలోనే ఉంది. గోండులు ఎక్కువ ఉన్న ఈ గ్రూపులో వాళ్ల సంగతి మనం ఎంత మాట్లాడుకుంటున్నమో ఆలోచించండి. వాళ్ల అవ్వ చెప్పే కథలు ఫోన్‌లో రికార్డు చేస్తనని వాడు ఆ సాయంత్రమే అనుకున్నడు. ఇప్పటికి మూడు చేసిండు.

నాలుగో రోజు: మార్లవాయి, జోడేఘాట్

మార్లవాయి జైనూర్ మండలం. కుమ్రం భీం పోరాటం తర్వాత, గోండులు ఎందుకు తిరగబడిండ్రో తెలుసుకోనీకి నిజాం సర్కారు ఆస్ట్రియా దేశం మనిషి హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన, భార్య బెట్టి ఎలిజబెత్ ఈ ఊళ్లోనే గుడిసె వేసుకుని ఉన్నరు. గోండి నేర్చుకున్నరు. మన పిల్లలకు మన భాషలో చదువు చెప్పనీకి, మన వాళ్లనే పంతుళ్లుగా తయారు చేసే శిక్షణ కేంద్రం 1943లో ఇక్కడ పెట్టిండ్రు. ఈ జిల్లాలో మొదటి తరం ఆదివాసీ పంతుళ్లు, పట్వారీలు అక్కడ్నుంచి వచ్చినోళ్లే. వేల కుటుంబాలకు భూమి పట్టాలు వచ్చింది కూడా అప్పుడే. బెట్టి 1987లో పోయింది, ఆమెను మార్లవాయిలోనే సమాధి చేసిండ్రు. ఆయన 1995లో లండన్‌లో పోయిండు. ఇప్పుడు ఇద్దరి సమాధులూ ఊళ్లో పక్కపక్కన ఉన్నయి. మన వాళ్లు ఏటా అక్కడ మొక్కుతరు.

గుస్సాడీ నాట్యానికి 2021లో పద్మశ్రీ అందుకున్న కనక రాజు గారిది కూడా ఈ ఊరే. 2024లో ఆయన పోయిండు. ఆయన నేర్పిన పిల్లలు ఇప్పుడు ఆడుతున్నరు.

1943లో గోండి పంతులు గోండిలో పాఠం చెప్పిన ఊళ్లో నిలబడి మేం మాట్లాడుకున్నది మా సొంత ఆశ్రమ పాఠశాల సంగతి. మూడో తరగతిలో చేరిన మొదటి నెల, పంతులు ఏమంటున్నడో తెలియక, పక్కోడు లేస్తే లేచి, కూర్చుంటే కూర్చునేటోళ్లం. అప్పుడు మాకు అర్థం చెప్పినోడే మా ఐదోవాడు. వాళ్ల నాయన సంతలో బేరాలు చేసేటోడు కాబట్టి వానికి తెలుగు ముందే వచ్చు. పంతులు మాట వాడు గోండిలో మెల్లగ చెవిలో చెప్పేటోడు. మా నలుగురిలో ముగ్గురం అట్ల చదువుకున్నోళ్లం.

మార్లవాయి నుంచి సిర్పూర్, కెరమెరి దిక్కు. హట్టి దగ్గర పెద్ద రోడ్డు వదిలి గుట్టలు ఎక్కితే జోడేఘాట్. భీం 1901లో సంకేపల్లిలో పుట్టిండు. నాయన పోయినంక సుర్దాపూర్ వచ్చిండ్రు. పండిన పంటను గుంజుకోబోయిన సిద్దిక్ అనేటోని తలకాయ పగలగొట్టి అస్సాం చాయ్ తోటల దాకా పోయిండు. చదవడం, రాయడం నేర్చుకుని తిరిగి వచ్చిండు. పన్నెండు గూడేల కోసం, జల్ జంగల్ జమీన్ మాది అని, జోడేఘాట్ గుట్టల మీద కొట్లాడి 1940లో ప్రాణం విడిచిండు. ఏటా ఆశ్వయుజ పున్నమికి వర్ధంతి చేస్తరు. 2016లో కట్టిన మ్యూజియం, పెద్ద విగ్రహం ఉన్నయి. భీం పక్కన నిలబడ్డ కుమ్రం సూరు కొలాం మనిషి. మా దోస్తు ఆ పేరు అక్కడ మాకు గట్టిగా చెప్పిండు.

మ్యూజియంలో బొమ్మలు బాగున్నయి. కానీ మాకు గుర్తుండిపోయింది గుట్ట మీంచి కనిపించిన చేన్లు. ఏ భూమి కోసం ఆయన తుపాకీ పట్టిండో, అదే భూమికి పోడు పట్టా కోసం ఇప్పటికీ దరఖాస్తు పెట్టుకున్నోళ్లు కింద గూడేల్లో ఉన్నరు.

నాలుగో రాత్రి: మా ఐదోవాని ఇంట్ల

చీకటి పడ్డంక ఊరు చేరినం. బండ్ల సప్పుడుకు బయటికి వచ్చి మమ్మల్ని చూసి ముందు నవ్విండు. ఆ తర్వాత "రేపు పత్తి ఏరేది ఉంది, మీరు కూడా రాండి" అన్నడు. ఎందుకొచ్చిండ్రు అని అడగలేదు. అమ్మ జొన్నరొట్టె, పప్పు, పచ్చిమిర్చి కారం పెట్టింది. తిన్నంక నెగడు దగ్గర మెల్లమెల్లగ సంగతి బయటికొచ్చింది.

నాయన కాలు విరిగింది, ఆరు నెలలు మంచంల ఉన్నడు. పత్తి చేను చూసే మనిషి లేడు. అంతవరకు మాకు తెలుసు. తెలియంది ఇంకోటి. ఫీజు రీయింబర్స్‌మెంట్ పైసలు రాలేదని కాలేజీల సర్టిఫికెట్లు ఆపుకున్నరు. బకాయి మొత్తం కడితేనే ఇస్తమన్నరట. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, కుల ధ్రువీకరణ పత్రం అన్నీ అక్కడ్నే ఉన్నయి. అవి లేక ఇంకో దిక్కు చేరలేడు, ఉద్యోగ దరఖాస్తు పెట్టలేడు. చదువు ఆపింది వాడు అనుకున్నం, కాగితాలు ఆపినయి.

అమ్మ ఒక మాట అడిగింది: "పదిహేనేండ్లు హాస్టల్‌కి తోలినం. బిడ్డ మొకం పండుగకు పండుగకు చూసినం. ఆఖరికి కాయితం కూడా ఇంటికి రాలే. చదివితే ఏమొచ్చిందో మీరే చెప్పుండ్రి." మాలో ఎవరి దగ్గర జవాబు లేదు. మా ఇండ్లల్లో కూడా కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మేం కూడా ఇంకా ఏమీ తెచ్చి చూపియ్యలేదు. నాయనే మంచం మీంచి అందుకున్నడు: "వాడు సంతల కాంటా చూస్తడు. దళారి రాసిన చిట్టీ చదివి, తక్కువ వేసిండని ఈ యేడు రెండుసార్లు ఆపిండు. ఊరోళ్లందరూ వాన్ని తోడు తీస్కపోతున్నరు. చదువు ఊకనే పోలే." ఆమె ఏమనలేదు, నెగట్లో ఇంకో కట్టె పెట్టింది.

తెల్లారి నలుగురం చేన్లకు దిగినం. వాడు రెండు సాళ్లు ఏరేసరికి మేం ఒక సాలు. వేళ్లకు పత్తి కాయ ముండ్లు గుచ్చుకుని నెత్తురొచ్చింది. అక్కడ్నే, సాళ్ల మధ్య, ఒక ప్లాను వేసుకున్నం. సోమవారం ఉట్నూర్ ఐటీడీఏలో అర్జీలు తీసుకుంటరు, వాడు, మాలో ఒకడు కలిసి పోయి పీఓ గారికి రాసిచ్చుడు. సర్టిఫికెట్లు వస్తే, పంట పని వదలకుండనే అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ కొత్తగా మొదలుపెట్టుడు. తరగతులు ఎక్కువగా ఆదివారాల్లో ఉంటయి. వాడు వెంటనే సరే అనలేదు. "ముందు కాయితాలు రానియ్యండి" అన్నడు. మేం బండ్లు స్టార్టు చేసినంక మళ్లీ ఆపి, "ఆ యూనివర్సిటీ సెంటర్ ఆసిఫాబాద్‌ల ఉందా, కనుక్కోండి" అన్నడు. మాకు అది సరిపోయింది.

ఐదో రోజు కెరమెరి ఘాట్ దిగి ఆసిఫాబాద్, మంచిర్యాల మీదుగా నిర్మల్ చేరి, బండ్లు అప్పజెప్పి రాత్రి బస్సెక్కినం.

పోవాలనుకునేటోళ్లకు

ఖర్చు: బస్సు నలుగురికి రానూపోనూ 2,800, పెట్రోల్ రెండు బండ్లకు 1,900, చుట్టాల ఇండ్లకు సామాను 900, తోవల చాయ్, టిఫిన్లు 600, టెంటు కిరాయి 400. మొత్తం 6,600. మనిషికి 1,650 పడ్డది.

చలికాలం పోతే రగ్గులు రెండేసి పెట్టుకోండి, సిర్పూర్ దిక్కు చలికి ఒకటి సాలదు. ఘాట్లల్ల రాత్రి బండి నడపకండి. కెరమెరి దాటితే సిగ్నల్ ఉండదు, ముందే ఇంట్ల చెప్పండి. పుష్య మాసంలో పోతే దేవుని తోవల వచ్చేటోళ్లకు బండి పక్కకు ఆపి తోవ ఇయ్యండి. గుంజాలకు పోతే నోటుబుక్కు తీస్కపోండి. ఎవరింటికి పోయినా పాత ఫోటో ఉంటే ఫోన్‌లో తీసుకోండి, పేర్లు అడిగి రాసుకోండి. టెంటు మోసుడు దండగ. ముసలాయన మాట మేం ఒప్పుకున్నం.

గర్ల్స్ హాస్టల్ అక్కలు, చెల్లెండ్లు "మేం పోవచ్చా" అని అడిగిండ్రు. ఎందుకు పోవద్దు? పది మంది కలిసి జీపు మాట్లాడుకుంటే మనిషికి ఇంతే పడ్డది. ఈ తోవల ఊళ్లలో ఉండనీకి మా చుట్టాల ఇండ్లు ఉన్నయి, మేం చెప్పి పెడతం.

ఇగ మా పని. ఫీజు బకాయి పేరు మీద సర్టిఫికెట్లు ఆపితే, వాటిని బయటికి తెచ్చుకున్నోళ్లు ఈ గ్రూపులో ఎవరన్న ఉన్నరా? ఐటీడీఏలో అర్జీ ఎట్ల రాసిండ్రు, ఎవరికి ఇచ్చిండ్రు, ఎన్ని రోజులు పట్టింది, ఏ కాగితాలు జత చేసిండ్రు అనేది రాయండి. అర్జీ కాపీ ఉంటే పేర్లు కొట్టేసి పెట్టండి. ఇట్ల ఇరుక్కున్నోళ్లు మీకు తెలిసినోళ్లు ఇంకా ఉంటే వాళ్లకు కూడా ఈ పోస్టు చూపియ్యండి. పది మందిమి కలిసి ఒకే సోమవారం పోతే ఒక్కడు పోయినట్టు ఉండదు. మావోడు వచ్చే సోమవారం ఉట్నూర్ వస్తనన్నడు. ఆదివారం రాత్రి లోపల జవాబులు వస్తే గుట్ట ఎక్కి చూసుకుంటడు.

జై సేవా. జై ఆదివాసీ.